మేకు లేని బండి

జొన్న సొప్పతో చేసిన ఎడ్లబండి మహా అయితే జానెడు పొడుగుంటుంది. దానికి నొగలుంటాయి, కాడి ఉంటుంది, ఇరుసు, రెండు గీరలు, గీరలు జారిపోకుండా కడసీలలు, కూర్చునే చోట తడక కూడా ఉంటుంది. మేకు మాత్రం ఉండదు. జిగురు, దారం, తీగ ఏవీ ఉండవు. చేవెళ్ల, మొయినాబాదు పక్క ఊళ్ళలో జొన్న విరివిగా పండిన రోజుల్లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు రెండు మూడు దంట్లు ముందేసుకుని, పగటి అన్నం తిన్నాక మొదలుపెట్టి పొద్దు గూకే లోపల దీన్ని పూర్తి చేసేవాడు. మర్నాటికి అది దూడ నోట్లోనో పొయ్యిలోనో ఉండేది. అంత తొందరగా పోయేది కాబట్టే దాన్ని ఎవరూ పరీక్షగా చూడలేదు. నేను దాన్ని వడ్రంగంగా చూస్తాను. తెలుగు నేల మీద తయారైన కొయ్యబొమ్మలన్నిటి పక్కన నిలబెట్టి, కూర్పు ఒక్కటే కొలతగా పెట్టుకుంటే, దానికి మొదటి వరసలో చోటివ్వాలని నా నమ్మకం.

కొండపల్లి బొమ్మనే తీసుకోండి. తెల్ల పొనికి కర్రను చెక్కి, చేతులూ కాళ్ళూ విడిగా చేసి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మన నిర్మల్ బొమ్మల్లోనూ పొనికి కర్రే. ఆ బొమ్మల రంగు, ముఖంలో పలికే భావం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అయితే అతుకు దగ్గరికి వచ్చేసరికి అక్కడ పనిచేసేది మక్కు. సొప్పబండి అతుకులో రెండో వస్తువు లేదు. ఒకే మొక్క తన తొక్కతో తన గుజ్జును పట్టుకుని నిలబడుతుంది. ఆ పట్టు ఎలా కుదిరిందో విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

ముందు నేల గురించి రెండు మాటలు. హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే రోడ్డు మీద మొదట మొయినాబాదు, ఆ తర్వాత చేవెళ్ల వస్తాయి. మొయినాబాదుకు ఒకవైపు 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. ఇంకోవైపు 1927 నాటి హిమాయత్‌సాగర్. ఎర్ర చెలకలూ నల్లరేగళ్ళూ కలిసిన ప్రాంతం ఇది. వానాకాలం పచ్చజొన్న, యాసంగికి తెల్లజొన్న, పొద్దున రొట్టె, రాత్రి గటక. కంకులు కోసుకున్నాక మిగిలిన సొప్ప పశువులకు ఏడాది మేత. ఇంటి వెనక పేర్చిన ఆ సొప్ప వామే పిల్లలకు కలప అడితి. పెద్దవాళ్ళు పశువుకు సొప్ప ఎంత శ్రద్ధగా ఏరేవారో, పిల్లలు బండికి దంటును అంతే శ్రద్ధగా ఏరేవారు.

ఏరడంలోనే సగం పనితనం ఉంది. నమిలితే తియ్యగా రసం కారే దంటు బండికి పనికిరాదు. అది ఎండేకొద్దీ లోపలి గుజ్జు ముడుచుకుపోయి, గుచ్చిన పుల్ల వదులైపోతుంది. కావలసింది లోపల తెల్లగా, పొడిగా, నొక్కితే కొంచెం లొంగి మళ్ళీ పైకి లేచే బెండు. దంటును విరవకుండానే ఆ సంగతి పట్టే గుర్తు ఆకులో ఉంది. ఆకు నడిమి ఈనె తెల్లగా కనబడితే దంటు లోపల బెండు. ఈనె మసక పచ్చగా ఉంటే లోపల రసం. జొన్న మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఈ తేడాను ఎప్పుడో రాసిపెట్టారు. దాని వెనక ఉన్న జన్యువు ఏదో 2018లో తేలింది. ఆ జన్యువు చేసే పని ఆశ్చర్యంగా ఉంటుంది. దంటు నడిమి కణాలను అది ఒక వయసుకు రాగానే చంపేస్తుంది. కణాల్లో నీరు పోయి గాలి నిండుతుంది. అలా గాలి నిండిన గూళ్ళ సముదాయమే బెండు. ఆ జన్యువు చెడిపోయిన రకాల్లో కణాలు బతికే ఉంటాయి, రసం నిలిచే ఉంటుంది. చెరకులా నమలడానికి ఏ దంటు, బండికి ఏ దంటు అని చేలో నిలబడి వేరు చేసిన పిల్లవాడి కన్ను చూసింది సరిగ్గా ఆ తేడానే.

తర్వాత కణుపులు. మొదలు వైపు కణుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, దంటు లావుగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ కణుపుల మధ్య ఎడం పెరిగి, దంటు సన్నబడుతుంది. లావుపాటి మొదటి ముక్కలు గీరలకు, ఎద్దుల మొండేలకు. నడిమి ముక్కలు నొగలకు. కంకి కింద సన్నగా, నున్నగా, కణుపు లేకుండా సాగే కాడ ఇరుసుకు. చెట్టు ఏ భాగం ఏ పనికి వస్తుందో చూసి కోసే వడ్రంగి లెక్క కూడా ఇదే.

ఇక ఒలవడం. కణుపు దగ్గర గోటితో గాటు పెట్టి నిలువునా లాగితే తొక్క పొడుగాటి బద్దలుగా లేచివస్తుంది. గోరు ఆడకపోతే పళ్ళు. జొన్న తొక్కలో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, ఒలిచిన బద్ద అంచు బ్లేడుకు తీసిపోదు. పెదవి చీరుకున్న పిల్లవాడు లేని ఇల్లు ఉండేది కాదు. నానమ్మ గడప మీద కూర్చునే కేకేసేది: “నోట్ల వెట్టకురా, నాలిక తెగుతది! కొడవలి తెచ్చుకో పో.” కొడవలితో ఒలిస్తే బద్దకు బెండు అంటుకుని వస్తుంది. పళ్ళతో లాగితే శుభ్రంగా విడిపోతుంది. అందుకే నానమ్మ మాట ఎవరూ వినలేదు.

ఒలవడం అయ్యాక చేతిలో రెండు వస్తువులు మిగులుతాయి. ఒకటి బద్ద: సన్నగా, గట్టిగా, వంచితే తిరిగి నిటారు కావాలని చూసేది. రెండోది బెండు: తేలిగ్గా, మెత్తగా, ఏది గుచ్చినా లోపలికి పోనిచ్చి బిగబట్టేది. బద్దను వాలుగా తుంచితే కొస సూదిగా మారుతుంది. దాన్ని బెండులో గుచ్చినప్పుడు గాలి గూళ్ళు పక్కలకు నలిగి, తిరిగి లేవాలని బద్దను నాలుగు వైపుల నుంచీ ఒత్తుతాయి. మేకు చేసే పని ఆ ఒత్తిడి చేస్తుంది. బెండు పొడవునా సన్నటి నారపోగులు పరుగెత్తి ఉంటాయి. వాటికి అడ్డంగా గుచ్చిన బద్ద బిర్రుగా నిలుస్తుంది. కొస వైపు నుంచి పోగుల వెంబడి గుచ్చితే తొందరగా వదులవుతుంది. కాబట్టి తెలిసినవాడు అతుకులన్నీ అడ్డంగానే వచ్చేట్టు బండిని ఊహించుకుంటాడు. ఇంకో మెలకువ: ఒక్క బద్దతో రెండు బెండు ముక్కల్ని కలిపితే అవి బద్ద చుట్టూ తిరుగుతాయి. రెండు బద్దలు పక్కపక్కన గుచ్చితే కదలవు. తిరగాల్సిన చోట ఒకటి, తిరగకూడని చోట రెండు. ఎద్దు మెడకు ఒకటి, కాడికి రెండు. ఈ నియమాన్ని ఎవరూ పలక మీద రాసి నేర్పలేదు. ఊగే కాడిని చూసి పక్కవాడు నవ్వితే, ఇంకో పుల్ల గుచ్చి నేర్చుకున్నారు.

నొగల దగ్గర అసలు చెయ్యి తిరిగినవాడు ఎవడో తెలిసిపోతుంది. కొత్తవాడు దంటునంతా ఒలిచేసి మెత్తటి బెండుతో నొగలు పెడతాడు. బరువు పడగానే అవి విరుగుతాయి. తెలిసినవాడు తొక్కను అలాగే ఉంచి, అతుకు రావలసిన చోట మాత్రం వేలెడు మేర కిటికీలా ఒలుస్తాడు. గట్టి తొక్క బరువు మోస్తుంది, లోపలి బెండు తొక్కను నలిగిపోకుండా నిలబెడుతుంది, ఆ కిటికీలో అతుకు కూర్చుంటుంది. రెండు పలచటి గట్టి పొరల మధ్య తేలికైన పదార్థం పెట్టి విమానం తలుపులూ పడవల పక్కలూ చేసే పద్ధతి ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠం. జొన్న దంటు అలా నిర్మాణమై పుడుతుంది. పిల్లవాడు చేసిందల్లా దాన్ని చెడగొట్టకుండా వాడుకోవడం, ఆ నిగ్రహానికే నేను ముచ్చటపడతాను.

ఇక గీర. బండి మొత్తంలో దీని మీద నాకు మమకారం ఎక్కువ, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

సులువైన గీర ఒలవని లావు దంటును అడ్డంగా వేలు మందాన కోసిన బిళ్ళ. చుట్టూ తొక్క అలాగే ఉంటుంది, నడుమ బెండు. అసలు బండి గీరకు చుట్టూ ఇనప పట్టా ఉన్నట్టే ఈ బిళ్ళకు తొక్క పట్టా. కొయ్యడంలో కొడవలిని రంపంలా ముందుకూ వెనక్కూ ఆడించాలి, ఒత్తకూడదు. ఒత్తితే బిళ్ళ కోడిగుడ్డు ఆకారంలోకి పోయి బండి కుంటుతుంది.

పెద్ద గీర కావాలంటే పని వేరే. పొడుగాటి బద్దను గుండ్రంగా వంచి, కొసలు రెండింటినీ చిన్న బెండు ముక్కలో గుచ్చి మూస్తారు. వంచేటప్పుడు నున్నటి మెరిసే ముఖం బయటికి రావాలి. బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. తొక్క పైపొరలో నారలు దట్టంగా ఉండి సాగుడును ఓర్చుకుంటాయి, లోపలి మెత్తదనం నలుగుడును ఓర్చుకుంటుంది. తిరగేసి వంచితే పుటుక్కుమంటుంది. వెదురు బుట్టలు అల్లే మేదరులకు ఇది అనుదినం తెలిసిన విషయమే. మూసే ముందే ఆ బద్దకు నాలుగు బెండు పూసలు గుచ్చుకుంటారు. మధ్యలో ఒక బెండు కుండ. కుండ నుంచి ఒక్కో పూసలోకి ఒక్కో పుల్ల: అవే ఆకులు. పుల్లలు పూసల్ని బయటికి తోస్తాయి, వలయం వాటిని లోపలికి లాగుతుంది. రెండు బలాలూ సరిసమానంగా కుదిరిన చోట గీర నిలబడుతుంది. ఒక్క ఆకు పొడుగు తేడా వచ్చినా గుండ్రదనం పోతుంది.

ఊళ్ళో వడ్ల కొట్టంలో తయారయ్యే అసలు గీర ఇదే సూత్రం మీద నడుస్తుంది. కుండ, ఆకులు, ఆకులు దిగే పూటీలు, చుట్టూ ఇనప పట్టా. పట్టాను గీర చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువకు చేసి, ఎర్రగా కాల్చి, సాగినప్పుడు తొడిగి, నీళ్ళు కుమ్మరిస్తారు. అది చల్లారి ముడుచుకుంటూ పూటీల్నీ ఆకుల్నీ కుండలోకి బిగదీస్తుంది. ఆ పట్టా ఎక్కించే రోజు ఊరి పిల్లలంతా కొలిమి చుట్టూ మూగేవారు. నిప్పు, ఆవిరి, అరుపులు అంత దగ్గరగా చూసినవాళ్ళు సొప్ప బద్దను వంచి అదే బిగువు తెచ్చే ప్రయత్నం చేశారంటే, దాన్ని అనుకరణ అని తీసిపారెయ్యలేం. చూసిన సూత్రాన్ని వేరే పదార్థంలోకి మార్చడం అది.

ఇరుసు దగ్గర తమాషా ఉంది. బండి అంతటా బెండు గట్టిగా పట్టుకోవాలి, ఇక్కడొక్కచోట వదిలెయ్యాలి. లేకపోతే గీర తిరగదు. అందుకని ఇరుసు పుల్లను కుండలో గుచ్చాక రెండు వేళ్ళ మధ్య చాలాసేపు గిరగిరా తిప్పుతారు. బెండు గూళ్ళు నలిగి, కంత లోపలి గోడ నున్నగా గట్టిపడి, పుల్ల చుట్టూ వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. అప్పుడు కొసన కడసీల గుచ్చుతారు. ఎక్కువ తిప్పితే గీర ఊగుతుంది, తక్కువ తిప్పితే ఈడ్చుకుపోతుంది. ఎప్పుడు ఆపాలో వేళ్ళకు తెలియాలి. నాకు తెలిసి ఈ బండిలో మాటలతో నేర్పలేని భాగం ఇదొక్కటే.

ఎద్దులు, నాగలి, మంచం, కుర్చీ అన్నీ ఈ అతుకుతోనే. అందరి చేతా అయ్యేవి కళ్ళద్దాలు: రెండు వలయాలు, నడుమ బెండు ముక్క, చెవులకు రెండు బద్దలు. అవి పెట్టుకుని పంతులుగారిలా మాట్లాడని పిల్ల లేదు.

ఈ బండి పక్కన పెట్టదగ్గది బొంగరం, కానీ అది పిల్లల పని కాదు. తరిమెన మీద వడ్లాయన తీసి ఇచ్చేది. పిల్లవాడి వంతు కర్ర తెచ్చుకోవడం, పక్కన కూర్చుని బతిమాలడం. తుమ్మ చేవ దొరికితే అదృష్టం. బొంగరంలో బరువు భుజం దగ్గర, అంటే నడిమి గీటుకు దూరంగా ఉంటే ఎక్కువసేపు నిలుస్తుంది. ములుకు ఆ నడిమి గీటు మీద దిగాలి. రవ్వంత పక్కకు పోయినా బొంగరం నేల మీద గుండ్రాలు కొడుతూ పడిపోతుంది. అరచేతిలో ఎత్తుకున్నప్పుడు చక్కిలిగిలి పెడితే ములుకు బాగా కుదిరినట్టు, గుచ్చితే కుదరనట్టు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను ఇలాగే తిప్పి, తిరుగుతుండగానే లక్కను ఆనించి ఆ వేడికి కరిగించి రంగు పట్టిస్తారు. ఆ రంగుల్ని తిరిగి ఆకులు, గింజలు, వేళ్ళ నుంచి తీసే దారి పట్టించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మా వైపు బొంగరానికి లక్క లేదు, కర్ర రంగే రంగు.

ముంజలు తిన్నాక మిగిలిన తాటి బుర్రలు రెండు, మధ్య ఒక పుల్ల, నెట్టడానికి పంగల కర్ర: ఆ బండి నిమిషంలో తయారయ్యేది, పనితనం కన్నా పరుగు ఎక్కువ. చిర్రగోనెలో, అంటే బిళ్ళంగోడులో మటుకు చిర్ర కొసలు చెక్కడం నేర్పే. మరీ మొద్దుగా ఉంటే కొట్టినా లేవదు, మరీ సన్నగా చెక్కితే కొస చితికిపోతుంది. ఇక రోడ్డు పొడుగునా మర్రిచెట్లు. బీజాపూరు రోడ్డును వెడల్పు చేస్తామన్నప్పుడు తొమ్మిది వందలకు పైగా మర్రుల కోసం జనం కదిలి హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆ ఊడలు మా ఉయ్యాలలు. వాటి లేత ఆకును చుట్టి, కొస నొక్కి ఊదితే బూర. చెట్టును కాపాడమని అడిగినవాళ్ళు నీడ గురించి చెప్పారు, పక్షుల గురించి చెప్పారు. ఊడ పట్టుకుని ఊగిన పిల్లల సంగతి కూడా ఆ లెక్కలో చేరాలని నేను కోరుకుంటాను.

మళ్ళీ బండి దగ్గరికి వస్తే, హరప్పా, చన్హుదారో తవ్వకాల్లో మట్టి ఎడ్లబండ్లు దొరికాయి. వాటి చట్రాలకు వరసగా కంతలుంటాయి. పుల్లలు గుచ్చడానికి పెట్టిన కంతలవి. నాలుగు వేల ఏళ్ళలో పుల్లలు పోయాయి, మట్టి మిగిలింది. సొప్పబండి అంతా పుల్లలే కాబట్టి ఏ తవ్వకంలోనూ దొరకదు. జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. సహారా దిగువన జొన్న, సజ్జ పండించే ఊళ్ళలో పిల్లలు ఇవాళ్టికీ దంట్లతో బొమ్మలు చేస్తారు. అక్కడివాళ్ళనూ ఇక్కడివాళ్ళనూ కలిపింది వర్తకమో వలసో కానక్కర్లేదు. ఒకే దంటు ఇద్దరి చేతుల్లోనూ పడింది, ఇద్దరికీ ఒకే జవాబు తోచింది.

మన దేశంలో ఇలాంటి వస్తువుల్ని శ్రద్ధగా చూసినవాళ్ళు కొందరున్నారు. అహ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థలో పనిచేసిన సుదర్శన్ ఖన్నా ఊళ్ళు తిరిగి, పిల్లలు చేసుకునే కదిలే బొమ్మల్ని బొమ్మగీతలతో పుస్తకంగా తెచ్చారు. అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వు ట్యూబుతో నిర్మాణాలు చేయించి లెక్కలూ విజ్ఞానమూ నేర్పారు, 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన అగ్గిపుల్లల అతుకులు చూసినప్పుడల్లా నాకు బెండులో గుచ్చిన బద్దే గుర్తొస్తుంది. అక్కడ రబ్బరు పట్టుకుంటుంది, ఇక్కడ బెండు పట్టుకుంటుంది.

మా వైపు ఇది ఎందుకు ఆగిపోయిందంటే టీవీ, సెల్‌ఫోన్ అంటారు అందరూ. నాకు అంతకన్నా ముందు కనబడేది చేను. 1964లో మన దేశపు మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. గింజ దిగుబడి కోసం తెచ్చిన పొట్టి రకం. జొన్నను పొట్టి చేసే జన్యువులు కణుపుల లెక్క తగ్గించవు, కణుపుల మధ్య ఎడాన్ని తగ్గిస్తాయి. పాత దేశవాళీ దంటులో జానెడు నొగ వచ్చే ముక్క, పొట్టి రకంలో నాలుగు వేళ్ళ ముక్క. ఆ తర్వాత జొన్నే తగ్గింది. పత్తి వచ్చింది, మొక్కజొన్న వచ్చింది, నగరానికి పోయే కూరగాయలూ పూలూ వచ్చాయి. 1996 నాటి 111 జీవో జంట జలాశయాల చుట్టుపక్కల 84 ఊళ్ళలో కట్టడాలకు అడ్డం పడింది గానీ, ప్రహరీ గోడల ఫామ్‌హౌసులకు పూర్తిగా అడ్డం పడలేకపోయింది. మొక్కజొన్న దంటుతో బండి చేద్దామని పిల్లలు ప్రయత్నించకపోలేదు. దాని తొక్క బద్దగా లేవదు, మధ్యలోనే చిట్లుతుంది.

ఇప్పుడు చెయ్యాలనుకునేవాళ్ళకు దారి మూసుకుపోలేదు. పశువుల కోసం ఎత్తు జొన్న వేసే రైతులు ఇంకా ఉన్నారు. వాళ్ళు పచ్చిమేతకు ముందే కోసేస్తారు, అప్పటికి బెండు కట్టదు. గట్టు పక్కన పది మొక్కలు కంకి పండేదాకా వదిలెయ్యమని అడగండి, అందులో ఈనె తెల్లగా ఉన్నవి ఏరుకోండి. కోశాక నీడలో ఎండనివ్వండి, ఎండలో పెడితే తొక్క పగులుతుంది. వంచబోయే బద్దల్ని ఒక పూట నీళ్ళలో వెయ్యండి. పిల్లలకు చిన్న కత్తి ఇవ్వండి, పళ్ళు వద్దని చెప్పండి, ఎలాగూ వినరు. బండి పూర్తయ్యాక మా వైపు పెట్టే పరీక్ష ఒకటుంది: తడక మీద గుప్పెడు చింతగింజలు పోసి, కాడి పట్టుకుని గడప దాటించాలి. గింజ రాలకుండా, కడసీల ఊడకుండా రెండో గీర కూడా గడప దిగితే, ఆ బండి చేసినవాడు తర్వాతివాళ్ళకు నేర్పడానికి అర్హుడు.